మనిషినే అన్న కేక

మా పల్నాటి పొలాల్లో చీకటి పడ్డాక నోరు మూసుకుని నడవకూడదు. కొండల మీంచి అడవిపందులు దిగి జొన్నచేలనీ వేరుశనగ చేలనీ ఒక్క రాత్రిలో దున్నిపోసే రోజులవి. ప్రతి చేలో మంచె ఉండేది, మంచె మీద కాపలా మనిషి ఉండేవాడు, కొందరి చేతిలో తుపాకి ఉండేది. చేను కదిలితే కాల్చేవారు. కదిలింది పందో మనిషో ఆ చీకట్లో ఎవరికి తెలుస్తుంది? అందుకని గట్టు దిగేముందు ఎవరైనా సరే ఆగి, గొంతెత్తి "మనిషినే" అని కేక వేయాలి. మంచె మీదున్నవాడు "రా" అనాలి. ఆ జవాబు వినపడేదాకా అడుగు వేయకూడదు. పేరు చెప్పనక్కర్లేదు, ఏ ఊరో చెప్పనక్కర్లేదు. మునసబుకైనా మేకలు కాసేవాడికైనా అదే మాట.

కాపరానికి వచ్చిన కొత్తలో ఈ సంగతి విని నేను పడీపడీ నవ్వాను. నరసరావుపేట హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని కదా, నాకు అన్నీ వింతే. కళ్ళెదురుగా రెండు కాళ్ళ మీద నిలబడి, నేను మనిషినే అని చెప్పుకోవడమేమిటని మా ఆయన్ని ఆటపట్టించాను. ఆయన నాకు మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుపు, పెళ్ళయ్యాక కూడా అది మారలేదు. నేను ఎంత వెక్కిరించినా ఆయనకు కోపం రాదు. ఆ మాట మర్చిపోయినవాణ్ణి తెల్లారి మంచం మీద మోసుకొస్తారని మాత్రం చెప్పి ఊరుకున్నాడు.

మా అమ్మాయి పుట్టి మాటలు వచ్చాక ఈ కేక మా ఇంటికి కూడా వచ్చింది. పొద్దున్నే కాపలా నుంచి తిరిగొచ్చి, భుజాన తుపాకితో మా నాపరాళ్ళ ప్రహరీ బయట నిలబడి "మనిషినే" అని అరిచేవాడు. లోపల ఏ మూల ఉన్నా పిల్ల "రా నాన్నా" అని కేక పెట్టేది. అప్పుడు గాని గడప తొక్కేవాడు కాదు. అది నిద్రపోతూ ఉంటే లేచేదాకా బయటే చతికిలబడేవాడు. బజారున పోయే వాళ్ళు నవ్వేవారు. అంబలి చల్లారిపోతోంది, ఈ వేషాలేమిటని నేను లోపల్నుంచి కేకలేసేదాన్ని. పొలంలో చావు తప్పించుకోవడానికి పెట్టుకున్న మాట మా ఇంట్లో పిల్ల ఆటయింది.

మా ఊళ్ళో లైసెన్సు ఉన్న తుపాకులు రెండే. ఒకటి మా ఆయనది. గొట్టంలో మందు, ఇనపరవ్వలు కూరి పేల్చేది. ఒకసారి పేలిస్తే మళ్ళీ కూరుకునేదాకా అది ఉత్త కర్ర. రెండోది ఎదురింటి బాబాయిది. తోటాలు పెట్టి కాల్చే జంటగొట్టాల తుపాకి, వాళ్ళ నాన్న నాటిది. బాబాయి మాకు సొంత బంధువేం కాదు, మా ఆయనకు వరసకు బాబాయి, నేనూ అదే పిలుపు పట్టాను. ఆయన చేనూ మా చేనూ ఒకే గట్టు. ఏళ్ళ తరబడి పక్కపక్క మంచెల మీద ఆయనా మా ఆయనా కాపలా కాశారు. మా పిల్ల కోసం పంచె కొంగున రేగ్గాయలు కట్టుకొచ్చేవాడు. అలాంటి మనిషి ఊరి మీద తుపాకి ఎక్కుపెట్టాడంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. చూసినదాన్ని నేనే చాలా ఏళ్ళు నమ్మలేదు.

సాగరు డ్యాం కట్టడం మొదలైన రోజులవి. ఊళ్ళో వయసులో ఉన్నవాళ్ళు సగం మంది కూలికి అక్కడికే పోయారు. బాబాయికీ ఆయన తమ్ముడికీ మధ్య, రెండిళ్ళ నడుమ ఉన్న సందు గురించి తగాదా చాలాకాలంగా నలుగుతోంది. పశువులు పోయే ఆ సందుకి అడ్డంగా తమ్ముడు నాపరాళ్ళు పాతాడు. పెద్దమనుషులు తలో మాట చెప్పి తేల్చకుండా వదిలేశారు. ఒకరోజు పొద్దున, బాబాయి ఎద్దు ఆ రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుని విరగ్గొట్టుకుంది. ఎద్దు అరుపు నేనూ విన్నాను. కాసేపటికి తుపాకి పేలింది. పాపం, ఎద్దు బాధ చూడలేక కాల్చాడేమో అనుకుని పొయ్యి దగ్గరకు పోయాను. ఆయన కాల్చింది తమ్ముణ్ణి.

తర్వాత తోటాల సంచి భుజాన వేసుకుని తన మిద్దె ఎక్కాడు. బజార్లో ఎవరు కనపడితే వాళ్ళ మీద కాల్చడం మొదలుపెట్టాడు. జనం దొరికిన తలుపులోకల్లా దూరారు. బజారు ఖాళీ అయిందనుకున్న సమయంలో, ఏమీ తెలియని పంతులమ్మ గొడుగు వేసుకుని మలుపు తిరిగి వచ్చింది. మిషన్ బడి పంతులమ్మ ఆమె. ఊరవతల చర్చి పక్క ఇంట్లో ఉండేది, రోజూ ఆ వేళకే బడికి పోయేది. నేను కిటికీ ఊచలు పట్టుకుని రావద్దని అరిచాను. ఆమె నన్ను చూసి, ఏమన్నానో వినపడక, ఏందమ్మా అని చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. అంతలో తుపాకి పేలింది. పశువుల నీళ్ళతొట్టి పక్కన పడిపోయింది. తొడ దగ్గర తెల్లచీర ఎర్రబడటం నా కిటికీలోంచి కనపడుతూనే ఉంది.

ఆమెను లాక్కొద్దామని ఒకతను వాకిట్లోకి అడుగుపెట్టాడు. గుమ్మం రాతికి దెబ్బ తగిలి పెచ్చులు లేచాయి. ఇక ఎవరూ కదల్లేదు.

మా ఇంటికి వెనకవైపు దారి ఉంది. మిద్దె మీంచి ఆ దారి కనపడదు. అందుకని ఊళ్ళో మగవాళ్ళంతా ఒక్కొక్కరే మా పెరట్లోకి చేరారు. మునసబు కూడా వచ్చాడు. ఊరి శాంతిభద్రతలు ఆయనవే. తలారికి సైకిలిచ్చి గురజాల పోలీసుస్టేషనుకు తోలాడు. ఆ తర్వాత తనకు చేతనైన పని అయిపోయినట్టు మా మంచం మీద కూర్చున్నాడు. పోలీసులు రావాలంటే పొద్దు నడినెత్తి దాటాలి. పంతులమ్మ అప్పటిదాకా బతకదని అందరికీ తెలుసు. మొదట ఎవరన్నా రండని పిలిచింది. తర్వాత ప్రభువును పిలిచింది. తర్వాత అమ్మా అనడం మొదలుపెట్టింది. ఆ గొంతు మా పెరట్లోకి బాగా వినపడేది. విననట్టు నటించడానికే కాబోలు మగవాళ్ళు గట్టిగట్టిగా మాట్లాడుకున్నారు. దొడ్డిలో గడ్డివాముకి నిప్పు పెడితే పొగకు దిగొస్తాడని ఒకడన్నాడు. వడిసెలతో రాళ్ళు రువ్వుదామని ఇంకొకడు. సందు తగాదా తేల్చలేక నీళ్ళు నమిలిన పెద్దమనుషులే ఇప్పుడు ఉపాయాలు చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన్ని వెళ్ళమని ఎవరూ నోరు తెరిచి అడగలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. అందరూ మాటలు ఆపి, గోడకు తగిలించి ఉన్న తుపాకి వైపు చూశారు. చివరికి మునసబే గొంతు సవరించుకున్నాడు.

"గవర్నమెంటోళ్ళు ఊళ్ళో ఒకరి చేతికి తుపాకిచ్చారంటే, ఇట్టాంటి రోజు కోసమే గదయ్యా."

నేను గుమ్మంలోకి వచ్చాను. మగవాళ్ళ మధ్య అలా నిలబడి మాట్లాడటం అదే మొదలు. "పందుల కోసం ఇచ్చారు. లైసెన్సులో అట్టనే రాసుంది. చదివి వినిపించమంటారా?" అన్నాను.

మునసబు తల దించుకున్నాడు. చదువుకున్న కోడలు నోటిదురుసు పిల్ల అని ఎవరో గొణిగారు. మా ఆయన మాత్రం నా వైపు గాని మునసబు వైపు గాని చూడలేదు. చెవి బజారు వైపు పెట్టి కూర్చున్నాడు. ఆ మొహం నాకు బాగా తెలుసు. చేలో ఏదో కదిలిందని అనిపించినప్పుడు అలా అయిపోతాడు.

ఆయన లేచి తుపాకి అందుకున్నాడు. నేను వెనకాలే వంటింట్లోకి పోయి చెయ్యి పట్టుకున్నాను. నీది ఒక్క దెబ్బ తుపాకి, ఆయనది రెండు దెబ్బలది అన్నాను. పోలీసులు వస్తారు, అది వాళ్ళ పని, దానికే వాళ్ళు జీతాలు తీసుకుంటారు అన్నాను. పెరట్లో ఉన్న ఇంతమందిలో నువ్వొక్కడివే ఎందుకు పోవాలి అన్నాను. అనడానికి ఇంకేమీ మిగలక కాళ్ళు పట్టుకున్నాను. తర్వాత పిల్లను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. సిగ్గు, అభిమానం అన్నీ వదిలేశాను. ఆయన పిల్ల జుట్టు వాసన చూసి మళ్ళీ నా చంకలో పెట్టాడు.

"నేను కాల్చటానికి పోవట్లేదే. బాబాయికి నా గొంతు తెలుసు. నన్నేం చేయడు" అన్నాడు.

"మాట్లాడటానికే అయితే తుపాకెందుకు మరి? ఇక్కడ పెట్టి పో."

ఆయన అబద్ధం ఆడటం నేను ఎన్నడూ ఎరగను. అప్పుడు కూడా ఆడలేదు.

"అది లేకుండా పోవాలంటే భయమేస్తందే" అన్నాడు.

వెనక దారిన ఊరి చివరికి పోయి, అక్కడ బజారు దాటి, పొలాల మీదుగా బాబాయి దొడ్డిలోకి చేరాలని ఆయన ఆలోచన. దొడ్డిలో మిద్దెకు ఆనించిన నిచ్చెన ఉంది. ఆయన వెళ్ళాక ఊరంతా మా కిటికీల దగ్గరా గోడ సందుల దగ్గరా చేరింది. ఆ రోజు జరిగిన తప్పుల్లో నేను ఎవరినీ క్షమించలేని తప్పు ఇదే. చూడటానికి బాగుంటుందని అందరూ మా ఇంటి వైపే ఉన్నారు. పొలాల వైపు ఒక్కరు లేరు. ఒక మనిషిని తుపాకితో అటు పంపాం కదా, ఆ దారిన ఇంకెవరన్నా వస్తే చెప్పడానికి ఒకణ్ణి పెడదామన్న ఆలోచన మునసబుకు రాలేదు, పెద్దమనుషులకు రాలేదు. నాకూ రాలేదు.

కిటికీ ఊచలకు మొహం ఆనించి చూస్తూ నిలబడ్డాను. బాబాయి తలకు తువ్వాలు చుట్టుకుని, చొక్కా లేకుండా, పిట్టగోడ వెంట అటూ ఇటూ తిరుగుతున్నాడు. పొలం పనికి పోయే మా మగవాళ్ళందరిదీ అదే వేషం. మా ఆయనా అలాగే వెళ్ళాడు. పంతులమ్మ అమ్మా అనడం కూడా ఆపేసింది. ఒకసారి చెయ్యి కదిలింది. నా చంకలో పిల్ల నాన్నేడని అడిగితే దాని నోరు మూశాను.

ముందు తల కనపడింది, తర్వాత భుజాలు. ఆయన నిచ్చెన మీంచి మిద్దె మీదికి అడుగుపెట్టాడు. బాబాయి వీపు ఆయన వైపు ఉంది. తుపాకి ఎత్తి కాల్చాలంటే కాల్చవచ్చు. మా కిటికీ దగ్గరున్న మగవాళ్ళు కొట్టు, కొట్టు అని పళ్ళ బిగువున గొణుగుతున్నారు. ఆయన కాల్చలేదు. చప్పుడు లేకుండా వెళ్ళి పట్టుకునే ప్రయత్నమూ చేయలేదు. ఒకరి కాపలాలోకి అడుగుపెట్టేముందు పల్నాటి రైతు ఎవడైనా చేసే పని చేశాడు. నిలబడి గొంతెత్తాడు.

"బాబాయ్, మనిషినే."

గొణుగుళ్ళు ఆగిపోయాయి. దొంగచాటుగా వెళ్ళి కేకేసి చెప్పుకున్నాడేమిటి వీడని నా పక్కనున్న ముసలాయన తల కొట్టుకున్నాడు. బాబాయి గిర్రున తిరిగాడు. తుపాకి గొట్టాలు నేరుగా మా ఆయన గుండె మీదికి వచ్చాయి. నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే చచ్చిపోతాడనిపించింది.

"రా" అన్నాడు బాబాయి.

ఆయన అనాలనుకుని అనలేదు. ఏళ్ళ తరబడి ఆ గొంతుకు ఆ జవాబు ఇచ్చిన నోరు అది. అన్నాక తానేమన్నాడో తనకే తెలిసినట్టుంది. పొలంలో రా అన్న తర్వాత కాల్చినవాడు ఎవడూ లేడు. తుపాకి దానంతట అదే కిందికి వాలింది. బాబాయి పిట్టగోడ పక్కన కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. మా ఆయన తన తుపాకి కింద పెట్టి, దగ్గరకు వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. తర్వాత ఆ జంటగొట్టాల తుపాకి తన చేతిలోకి తీసుకున్నాడు.

పిట్టగోడ దగ్గరకు వచ్చి బజారు వైపు తిరిగి, అందరికీ కనపడేట్టు ఆ తుపాకి పైకెత్తి, పంతులమ్మను తీయండని అరిచాడు. తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. జనం తొట్టి వైపు పరిగెత్తారు. నేను నవ్వుతున్నాను. నవ్వుతూ ఏడుస్తున్నాను. పిల్లను పైకెత్తి చూపించాను. ఆయన మా వైపు చూశాడు.

అప్పుడు వెనకనుంచి తుపాకి పేలింది.

ఆయన ముందుకు వంగి, పిట్టగోడ మీద చేతులు ఆనించి, కాసేపు అలాగే ఏదో ఆలోచిస్తున్నట్టు ఉండిపోయాడు. తర్వాత జారిపోయాడు. దొడ్డి వైపు నుంచి ఒక కేక వినపడింది. ఆ గొంతు ఎవరిదో ఊళ్ళో అందరికన్నా ముందు నాకే తెలిసింది. నన్ను భుజాన ఎత్తుకుని తిప్పిన మనిషి గొంతు అది.

"భయపడమాక అమ్మాయ్. పడగొట్టా."

మా అన్న. నా తోడబుట్టినవాడు.

మా పుట్టిల్లు గురజాల దారిలో, మా ఊరి తర్వాతి ఊరు. తలారి సైకిలు తొక్కుతూ ఆ ఊరి మీదుగా పోతూ, ఫలానా మనిషి మిద్దెక్కి కనపడినవాళ్ళనల్లా కాలుస్తున్నాడని అరుచుకుంటూ పోయాడట. ఆ మిద్దెకు ఎదురిల్లే చెల్లెలిదని మా అన్నకు తెలుసు. ఇంకేం అడగలేదు. ఆయనకూ పందుల తుపాకి ఉంది. అది తీసుకుని పొలాలకు అడ్డంపడి పరిగెత్తుకొచ్చాడు. దొడ్డిలోకి వచ్చి తలెత్తి చూస్తే, మిద్దె మీద ఒకడు నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు, ఒంటి మీద చొక్కా లేదు, చేతిలో జంటగొట్టాల తుపాకి. బజారు వైపు తిరిగి, మా ఇంటి వైపే తుపాకి ఎత్తుతున్నాడు. కింద జనం అరుస్తూ పరిగెడుతున్నారు. కూలబడి ఉన్న బాబాయి కిందున్నవాడికి కనపడడు.

మాకు ఇటునుంచి కనపడింది పీడ వదిలించిన మనిషి. మా అన్నకు అటునుంచి కనపడింది చంపబోతున్న మనిషి.

నేను నిచ్చెన ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు. మా ఆయన తల బాబాయి ఒళ్ళో ఉంది. అప్పటికే ప్రాణం లేదు. పొద్దున నలుగురి మీద కాల్చిన ఆ చేతులే ఆయన నోటి దగ్గర నెత్తుటి నురుగు తుడుస్తున్నాయి. మా అన్న నా వెనకే ఎక్కాడు. నీకేం కాలేదు గదా అని అడుగుతూ నా భుజం దాటి చూశాడు. తర్వాత ఆయన నోటి వెంట వచ్చిన అరుపు మాట కాదు. ఉదయం విన్న ఎద్దు అరుపు అలాగే ఉంది.

పోలీసులు ఎప్పుడు రావాలో అప్పుడే వచ్చారు. ఇద్దరినీ తీసుకుపోయారు. బాబాయికి యావజ్జీవం పడింది. మా అన్నది పొరపాటని రాసుకుని మునసబు జామీను మీద రెండు రోజులకే వదిలారు, తర్వాత కోర్టు కూడా కొట్టేసింది. పంతులమ్మను లారీలో మిషన్ ఆస్పత్రికి పంపారు. ఆమె బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే నెత్తురంతా పోయి చచ్చిపోయేదని దొరసాని డాక్టరు చెప్పిందట. కుంటుకుంటూ వచ్చి మా గుమ్మంలో కూర్చుని, నా కోసం పోయాడమ్మా నీ పెనిమిటి అని ఏడ్చేది. తర్వాత నన్ను ట్రైనింగుకు పంపి బడిపంతులమ్మను చేసింది కూడా ఆమే. ఆమె మొహం చూస్తే ఆ రోజు ఆయన వెళ్ళకుండా ఉండాల్సిందని అనలేను. నా పిల్ల మొహం చూస్తే వెళ్ళడం మంచిదేనని అనలేను. నా బతుకంతా ఈ రెండు మొహాల మధ్యే నలిగింది.

ఊరికి మాత్రం ఏ నలుగుడూ లేదు. మాది పౌరుషాల గడ్డ అంటూ మునసబు చాలాకాలం చెప్పుకు తిరిగాడు. ఆ రోజు ఇంకో నాలుగు తుపాకులుంటే కథ ఇంకోలా ఉండేదని రచ్చబండ దగ్గర అనేవాళ్ళు. ఒకసారి నాకు వినపడేట్టే అన్నారు. ఇంకోలాగే ఉండేది, ఇంకో నాలుగు పీనుగులు లేచేవి అన్నాను. తుపాకి పట్టుకున్నవాణ్ణి దూరం నుంచి చూస్తే తుపాకే కనపడుతుంది. వాడు ఎవరి తరఫున పట్టుకున్నాడో కనపడదు. ఇది చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మా పొలాల్లో ప్రతి కాపలావాడికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆ కేక పెట్టుకున్నారు. చీకట్లో పందికీ మనిషికీ తేడా అడిగి తెలుసుకున్నవాళ్ళు, పట్టపగలు అడగక్కర్లేదనుకున్నారు.

మా అన్న కూడా అదే అన్నాడు. పోలీసులు తీసుకుపోతుంటే నా కాళ్ళ దగ్గర పడి అన్నాడు. "పొలంలో అయితే కేకేసేవాణ్ణి అమ్మాయ్. ఊళ్ళో ఎవరు అడుగుతారు?"

మా అన్నను నా గడప తొక్కనివ్వద్దని మా అమ్మతో చెప్పాను. వాడిది తప్పు కాదే, నిన్ను కాపాడాలనే వచ్చాడే అని ఆమె నెత్తీనోరూ కొట్టుకుంది. నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మంట చల్లారదు. ఒక పూట ఆయన్ని చంపాలనిపించేది, ఒక పూట ఆయన ఒళ్ళో తల పెట్టి ఏడవాలనిపించేది. మా ఆయన పోయినందుకు ఓదార్పు ఎవరి దగ్గర దొరుకుతుందో, ఆ మనిషే మా ఆయన్ని చంపినవాడు.

పదో రోజు వచ్చింది. మా వైపు పదో రోజున మొగుడు పోయినదానికి పుట్టింటివాళ్ళు చీర తేవాలి. నాన్న లేడు, కాబట్టి తెచ్చి ఒంటి మీద కప్పాల్సింది అన్నే. వేరే ఎవరి చేతనైనా కప్పించమని అడిగాను. ఆచారం కాదన్నారు ముసలివాళ్ళు. మనిషి పోవడానికి అడ్డం రాని ఆచారాలు ఇలాంటప్పుడు మాత్రం నిక్కచ్చిగా ఉంటాయి. ఇల్లంతా చుట్టాలు. నన్ను పీట మీద కూర్చోబెట్టి జుట్టు విప్పారు. పిల్ల అరుగు మీద ఆడుకుంటోంది. నాన్న పొలంలో ఉన్నాడని దానికి ఎవరో చెప్పారు. రోజూ పొద్దున లేచి కాసేపు ప్రహరీ వైపు చూసి, మళ్ళీ ఆటలో పడేది.

మధ్యాహ్నం వేళ బయట మా అన్న వచ్చాడని గుసగుసలు మొదలయ్యాయి. లోపలికి రాడేమని ఎవరో అడిగారు. ఆయన ప్రహరీ అవతలే నిలబడిపోయాడు. మా ఇంటి ఆట ఆయనకు తెలియదు. ఎప్పుడూ మధ్యాహ్నాలే వచ్చిపోయేవాడు, పొద్దున మా వాకిట్లో ఏం జరిగేదో ఎన్నడూ చూడలేదు. ఆ రోజు వేయాల్సిన కేక వేయలేదన్నదొక్కటే ఆయనకు గుర్తున్నట్టుంది. అందుకని పట్టపగలు, ఊరి నడిమధ్య, చీర మూట చేత్తో పట్టుకుని, పొలంలో గట్టు దిగేవాడిలా గొంతెత్తాడు.

"మనిషినే."

ఆ కేకకు మా వైపు ఒకటే రాగం. ఎవరు వేసినా ఒక్కలాగే ఉంటుంది. రా అనాల్సింది నేను. ఆ ఒక్క అక్షరం అంటే ఆయన వస్తాడు. అనకపోతే అక్కడే నిలబడి ఉంటాడు, రోజంతా అయినా సరే నిలబడి ఉంటాడని నాకు తెలుసు.

అరుగు మీద బొమ్మలు కిందపడిన చప్పుడైంది.

"రా నాన్నా" అని పిల్ల కేక పెట్టింది. పెట్టి, వాకిలి దాటి పరిగెత్తింది.

నేను విరబోసిన జుట్టుతోనే లేచి గుమ్మంలోకి వచ్చాను. మా అన్న ప్రహరీ దగ్గర మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. మూట విడిపోయి చీర అంచు మట్టిలో పడింది. పిల్ల ఆయన ముందు ఆగి మొహంలోకి చూసింది. తర్వాత ఆయన్ని దాటుకుని బజార్లోకి పోయి, ఒకసారి ఈ చివరికీ ఒకసారి ఆ చివరికీ చూసింది.